కరెంటా, కాంతా? నొప్పికి రెండు వేర్వేరు దారులు

మోకాలి నొప్పితో ఫిజియోథెరపీ క్లినిక్‌కి వెళ్లినవారికి చాలాచోట్ల రెండు రకాల యంత్రాలు కనిపిస్తాయి. ఒకదానికి సన్నని వైర్లు, వాటి చివర చర్మానికి అతుక్కునే ప్యాడ్‌లు ఉంటాయి. రెండోది ఎర్రని కాంతినో, కంటికి కనిపించని పరారుణ కాంతినో ప్రసరింపజేసే పరికరం. ‘ఈ రెండింటిలో ఏది మంచిదండీ?’ అని రోగులు అడుగుతుంటారు. సిట్టింగ్‌కు ఇంత అని చేతి నుంచి కట్టుకునేవారికి ఇది ఆరోగ్యంతో పాటు జేబుకూ సంబంధించిన ప్రశ్న. దానికి జవాబు కావాలంటే ముందు ఒక్కో యంత్రం ఒంట్లో ఎక్కడ పనిచేస్తుందో తెలియాలి.

సంకేతాన్ని అడ్డుకునే కరెంటు

నొప్పికి విద్యుత్తును వాడటం కొత్తేమీ కాదు. క్రీ.శ. మొదటి శతాబ్దంలోనే రోమన్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్ తలనొప్పికి, గౌట్ నొప్పికి టార్పిడో అనే విద్యుత్ చేపను వాడమని రాశాడు. చేప షాక్ కొట్టాక ఆ భాగం మొద్దుబారి ఉపశమనం కలిగేది.

దీనికి శాస్త్రీయ వివరణ 1965లో దొరికింది. రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రవేత్తలు ‘గేట్ కంట్రోల్’ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. కాలికి దెబ్బ తగిలితే వెంటనే ఆ చోటును రుద్దుకుంటాం. స్పర్శను మోసే లావుపాటి నాడీతంతువులు అప్పుడు చురుకై, సన్నని తంతువులు మోసుకొచ్చే నొప్పి సంకేతాన్ని వెన్నుపాము దగ్గరే కొంత అడ్డుకుంటాయి. టెన్స్ అనే యంత్రం చర్మం మీది ప్యాడ్‌ల ద్వారా చిన్నచిన్న విద్యుత్ స్పందనలు పంపి ఇదే పని చేస్తుంది. సాధారణంగా సెకనుకు 50 నుంచి 100 స్పందనలు ఇస్తారు. శరీరం తానే తయారుచేసుకునే ఓపియాయిడ్ రసాయనాలకూ ఇందులో పాత్ర ఉందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది.

టెన్స్ దెబ్బతిన్న కణజాలాన్ని బాగుచేయదు. నొప్పి కబురు మెదడుకు చేరకుండా తగ్గిస్తుంది, అంతే.

కణాన్ని తట్టే కాంతి

కాంతి చికిత్స కథ 1967లో బుడాపెస్ట్‌లో మొదలైంది. హంగేరీ వైద్యుడు ఎండ్రే మెస్టర్ ఎలుకల వీపుపై వెంట్రుకలు గొరిగి, తక్కువ శక్తి గల రూబీ లేజర్ కాంతిని ప్రసరింపజేశారు. కాంతి పడిన ఎలుకలకు వెంట్రుకలు మిగతావాటికన్నా వేగంగా పెరిగాయి. ఆ తర్వాత మానని పుండ్లపైనా ఆయన ఈ కాంతిని ప్రయోగించారు. ఇప్పుడు ఈ పద్ధతిని ఫోటోబయోమాడ్యులేషన్ అంటున్నారు.

కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. ఎర్రని, పరారుణ కాంతిని ఇది పీల్చుకుని చురుకవుతుందని, దాంతో కణానికి శక్తి పెరిగి వాపు తగ్గుతుందని ప్రధానమైన వివరణ. ఇది ఒక్కటే కారణమా అన్న చర్చ ఇంకా సాగుతోంది. ఈ చికిత్సలో కాంతి వేడి పుట్టించదు, కణజాలాన్ని కోయదు.

పరీక్షల్లో ఏం తేలింది?

టెన్స్‌పై జరిగిన 381 పరీక్షలను, అంటే 24 వేలమందికి పైగా రోగుల వివరాలను కలిపి విశ్లేషించిన సమీక్ష 2022లో వెలువడింది. యంత్రం నడుస్తున్నంతసేపు, ఆపిన వెంటనే నొప్పి తగ్గుతుందని అందులో తేలింది. అయితే 1990లో 145 మంది దీర్ఘకాలిక నడుంనొప్పి రోగులపై జరిగిన ఒక అమెరికా అధ్యయనంలో ఉత్తుత్తి యంత్రం కన్నా టెన్స్ మెరుగని తేలలేదు. అదే అధ్యయనంలో వ్యాయామం చేసినవారికి నొప్పి తగ్గింది. రెండు నెలల తర్వాత చూస్తే, చాలామంది వ్యాయామం మానేశారు. ఆ మేలూ పోయింది.

మోకాలి ఆస్టియోఆర్థరైటిస్‌పై కాంతి చికిత్స పరీక్షలు 22ను, మొత్తం 1,063 మంది రోగులతో, 2019లో సమీక్షించారు. సిఫారసు చేసిన మోతాదు వాడిన పరీక్షల్లో నొప్పి తగ్గడమే కాక, చికిత్స ముగిసిన కొన్ని వారాల వరకూ ఆ ఉపశమనం నిలిచింది. మోతాదు సరిపోని పరీక్షల్లో ఫలితం కనిపించలేదు.

కాంతి చికిత్సకు గట్టి ఆధారం ఉన్న మరో రంగం క్యాన్సర్ వైద్యం. తల, మెడ క్యాన్సర్లకు రేడియేషన్ తీసుకునేవారికి నోరంతా పుండ్లు పడి, ముద్ద మింగడమే నరకమవుతుంది. ఈ పుండ్లను నివారించడానికి కాంతి చికిత్సను అంతర్జాతీయ మార్గదర్శకాలు సిఫారసు చేస్తున్నాయి. మంగళూరులో భారతీయ రోగులపై జరిగిన పరీక్షల్లోనూ మంచి ఫలితాలు వచ్చాయి. నోటి క్యాన్సర్ ఎక్కువగా ఉన్న మన దేశానికి ఇది ముఖ్యమైన విషయం.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి విజేతను ప్రకటించడం కుదరదు. టెన్స్ పెడితే చర్మం జివ్వుమంటుంది కాబట్టి, అసలు యంత్రమో ఉత్తుత్తిదో రోగి పసిగట్టే అవకాశం ఉంది. పరారుణ కాంతి కనిపించదు, తగిలినట్టూ అనిపించదు. అందువల్ల రెండు రకాల పరీక్షల్లోనూ నమ్మకం ప్రభావం ఒకేలా ఉండదు.

మోతాదే కీలకం

టెన్స్‌ను మరీ తక్కువగా పెడితే ప్రయోజనం ఉండదు. గట్టిగా తెలుస్తూనే, బాధ కలిగించని స్థాయిలో ఉండాలి. కాంతి విషయంలో తరంగదైర్ఘ్యం, ఒక్కో చోట ఇచ్చే శక్తి రెండూ ముఖ్యమే. మోకాలికి 785 నుంచి 860 నానోమీటర్ల కాంతి వాడితే ఒక్కో బిందువుకు 4 నుంచి 8 జౌళ్లు సిఫారసు చేసిన మోతాదు. ఎక్కువ ఇస్తే ఎక్కువ మేలు అనుకోవడానికి లేదు. ఒక హద్దు దాటితే ప్రభావం తగ్గిపోతుంది. చర్మంలోని మెలనిన్ కూడా కొంత కాంతిని పీల్చుకుంటుంది. చామనఛాయ, నలుపు చర్మం ఎక్కువగా ఉన్న మన దేశంలో మోతాదు నిర్ణయించేటప్పుడు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి. ‘ఎర్ర లైటు’ అన్న ఒక్క మాట చూసి ఆన్‌లైన్‌లో కొనే పరికరంతో ఆసుపత్రి ఫలితాలు ఆశించలేకపోవడానికి కారణం ఇదే.

ఎవరికి ఏది?

నొప్పి వల్ల కాలు కదపలేక వ్యాయామం ఆగిపోయిన వ్యక్తికి, ఆ అరగంట నొప్పిని అదుపులో ఉంచడానికి టెన్స్ సాయపడవచ్చు. వాపు, కీళ్ల అరుగుదల ఉన్నచోట సరైన మోతాదులో కాంతిని ప్రయత్నించవచ్చు. మోకాలి మార్పిడి తర్వాత తొడ కండరం బలహీనపడితే, కండరాన్నే ముడుచుకునేలా చేసే మరో రకం విద్యుత్ ప్రేరణ ఉంది. అది టెన్స్ కాదు. శస్త్రచికిత్స జరిగిన రెండు రోజులకే దాన్ని మొదలుపెట్టిన రోగుల్లో కండర బలం తక్కువగా క్షీణించిందని 2012లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది.

పేస్‌మేకర్ ఉన్నవారు వైద్యుడిని అడగకుండా టెన్స్ వాడకూడదు. మెడ ముందు భాగంలో, గర్భిణుల పొట్టపై ప్యాడ్‌లు పెట్టకూడదు. లేజర్ వాడేటప్పుడు రోగికీ, చికిత్స చేసేవారికీ రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. క్యాన్సర్ గడ్డ ఉన్నచోట నిపుణుల పర్యవేక్షణ లేకుండా కాంతి చికిత్స చేయకూడదు.

క్లినిక్‌లో అడగాల్సిన ప్రశ్నలు మూడు: ఈ యంత్రం నా నొప్పిని తగ్గించడానికా, గాయం మానడానికా? మోతాదు ఎంత? ఇది అయ్యాక నేను చేయాల్సిన వ్యాయామం ఏమిటి? మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే, మొదటి రెండింటికీ ఎంత మంచి జవాబు వచ్చినా సిట్టింగ్‌లకు పెట్టిన ఖర్చులో చాలా భాగం వృథా అయ్యే ప్రమాదం ఉంది.