కొళాయి పని కాంట్రాక్టరుకు బీమా రక్షణ

నూజివీడు ప్రాంతము మెట్టభూమి. దిగువనున్న డెల్టాను కృష్ణ కాలువలు తడుపుచుండగా, ఎగువనున్న ఈ మామిడితోటలు ప్రధానముగా వానను, చెరువులను, బోరుబావులను నమ్ముకొని యున్నవి. చిన్నరసము గొప్పదా, పెద్దరసము గొప్పదా, బంగినపల్లి గొప్పదా అని వాదించుకొనువారు ఎందరో కలరు. ఆ చెట్టు మొదటికి నీరు చేర్చిన గొట్టమును ఎవరు బిగించిరని అడుగువారు మాత్రము అరుదు. 2003లో రాష్ట్రమున సూక్ష్మసేద్య పథకము ప్రారంభమైన పిమ్మట బిందుసేద్యపు గొట్టములు తోటలలో వ్యాపించినవి. పట్టణమున మేడలు లేచినకొలది కొళాయిలు, నీళ్లతొట్లు, మోటారు పంపులు పెరిగినవి. వీనితోపాటు ప్లంబింగు కాంట్రాక్టర్లును పెరిగిరి.

ఒక మేస్త్రి, ముగ్గురు నలుగురు పనివారు, ఒక ట్రాలీ ఆటో, కొన్ని పనిముట్లు - సామాన్యముగా ఇదియే వారి సంస్థ. పెట్టుబడి స్వల్పమే గాని బాధ్యత స్వల్పము కాదు. ఆ బాధ్యత ఎటువంటిదో, బీమా దానిని ఎంతవరకు మోయగలదో, ఎచ్చట మోయజాలదో నేడు మన శ్రోతలకు వివరింపదలచినాము. ఇది కాంట్రాక్టర్లకు మాత్రమే పనికివచ్చు విషయము కాదు; వారిచేత పని చేయించుకొను ప్రతి గృహస్థునకును, ప్రతి తోట యజమానికిని సంబంధించినదే.

అన్నింటిలోను పెద్దది పనివాని విషయమున గల బాధ్యత. మేడపైని తొట్టికి గొట్టము బిగించుచు పనివాడు జారి పడవచ్చును. తడిచేతులతో మోటారును ముట్టి విద్యుద్ఘాతమునకు గురికావచ్చును. లోతుగా త్రవ్విన కందకపు మట్టి విరిగి మీద పడవచ్చును. పనిలో, పని కారణముగా కలిగిన ప్రమాదమునకు యజమాని నష్టపరిహార మీయవలెనను నియమము మన దేశమున నూరేండ్ల నాటిది. బ్రిటనులో 1897లో వచ్చిన శాసనము వంటిదే ఇచ్చట 1923లో చట్టమై, 1924 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆ నియమములే 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోను చేర్చబడినవి. ఇందు యజమాని తప్పు రుజువు కానక్కరలేదు. "వాడు రోజుకూలి, మా మనిషి కాడు" అని తప్పించుకొనుటకును వీలు లేదు. తన వ్యాపారము నిమిత్తము పెట్టుకొన్న కూలి తన పనివాడే.

పరిహారమును లెక్కించు విధము తెలిసికొన్నచో ఈ విషయపు బరువు బోధపడును. పనివాడు మరణించినచో అతని నెల వేతనములో సగమును, వయస్సును బట్టి చట్టము నిర్ణయించిన గుణకముచే హెచ్చింపవలెను. ముప్పది యేండ్లవానికి ఆ గుణకము 207.98. లెక్కకు తీసికొనదగిన వేతనమునకు కేంద్ర ప్రభుత్వము 2020 జనవరిలో 15,000 రూపాయలు పరిమితిగా నిర్ణయించినది. ఆ వేతనముపై సగము 7,500, దానిని 207.98చే హెచ్చించినచో 15,59,850 రూపాయలు. మరణింపక శాశ్వతముగా ఏ పనికిని పనికిరానివాడైనచో సగమునకు బదులు నూటికి అరువది వంతులు లెక్కింతురు. అప్పుడు 18,71,820 రూపాయలగును. గడువు దాటిన పిమ్మట నెల దినములలోపల చెల్లింపనియెడల ఏటికి నూటికి 12 వంతున వడ్డీయు, తగిన కారణము లేనిచో సగము వరకు జరిమానాయు విధింపవచ్చును. చిన్న కాంట్రాక్టరు ఇల్లు అమ్మినను ఈ మొత్తము పుట్టకపోవచ్చును. అప్పుడు అతడును మునుగును; మరణించినవాని భార్యాబిడ్డలకు కాగితము మీది హక్కు తప్ప ఏమియు చేతికి రాదు. బీమా అవసరము ఇచ్చటనే స్పష్టమగుచున్నది.

ఈ పాలసీకి ప్రీమియమును పనివారి సంఖ్య, వారి పని స్వభావము, సంవత్సరమున వారికిచ్చు వేతనముల మొత్తము - వీనిని బట్టి కట్టుదురు. ప్రీమియము తగ్గునని ఐదుగురికి బదులు ఇద్దరిని చూపుట, పైకెక్కి చేయు పనిని దాచుట స్వయముగా గోతిని త్రవ్వుకొనుటయే. వైద్యవ్యయము ఎంతవరకు చేరినదో, వడ్డీ చేరినదో లేదో పాలసీ చదివి తెలిసికొనవలెను. జరిమానా సాధారణముగా యజమాని నెత్తినే పడును. 2015లో వచ్చిన ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన క్రింద ఏటికి ఇరువది రూపాయలకే రెండు లక్షల ప్రమాద బీమా లభించుచున్నది. ప్రతి పనివాడును దీనిలో చేరుట మంచిది. అయినను అది అతని సొంత రక్షణ. యజమాని బాధ్యతను అది తీర్చదు.

రెండవది ఇతరులకు కలుగు నష్టము. ఉదాహరణమునకు, పై అంతస్తున బిగించిన గొట్టపు అతుకు రాత్రివేళ విడిపోయి, క్రింది దుకాణములోని బట్టలు తడిసిపోయినవనుకొందము. కాంట్రాక్టరు అజాగ్రత్త వలన ఇది జరిగినచో, తడిసిన బట్టల వెలను బాధ్యతా బీమా ఈయగలదు. కాని సరిగా అతుకని ఆ గొట్టమును ఊడదీసి మరల బిగించు ఖర్చు కాంట్రాక్టరుదే. తప్పు పనిని ఒప్పు చేయుట పనివాని ధర్మము గాని బీమా కంపెనీ ధర్మము కాదు. పని అప్పగించిన పిమ్మట కలిగిన నష్టమునకు గూడ పాలసీ వర్తించునా అని ముందుగానే అడుగుట అవసరము. గొట్టపు పనిలో దోషములు తరచుగా పని ముగిసి, మేస్త్రి వెళ్లిపోయిన పిమ్మటనే బయటపడును గదా!

మామిడితోటల వారు గమనింపదగిన సూక్ష్మమొకటి యున్నది. పూతకు ముందు తోటను కొంతకాలము నీరు పెట్టక ఎండగట్టుదురు. పిందె కట్టిన పిమ్మట నీరందింతురు. ఆ అదనులో పంపు పని పదునైదు దినములు ఆలస్యమై పిందె రాలినదనుకొందము. ఇచ్చట కాంట్రాక్టరు ఏ వస్తువును పగులగొట్టలేదు. అనుకొన్న నాటికి పని ముగింపలేదు, అంతే. ఇట్టి నష్టమును సామాన్యపు బాధ్యతా పాలసీ భరింపదు. కందకము త్రవ్వుచు ప్రక్కతోట గొట్టమును పగులగొట్టుట వేరు. అది ఆస్తికి కలిగిన హాని. కావున పని ఎప్పటికి ముగియవలెను, ఆలస్యమునకు ఎవరు ఎంతవరకు బాధ్యులు అను విషయములను ఒక కాగితముపై వ్రాసికొనుట ఉభయులకును క్షేమకరము. బీమా లేనిచోట ఒడంబడికయే రక్షణ.

మూడవది సొంత సరుకు. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలోని పలు పేటలను ముంచినప్పుడు, వరదకు చేర్చిన పాలసీ విలువ వ్యాపారులకు తెలిసివచ్చినది. ఐదు కోట్ల రూపాయల లోపు ఆస్తి గల చిన్న సంస్థలకై 2021 ఏప్రిల్ నుండి "భారత్ సూక్ష్మ ఉద్యమ సురక్షా" అను పాలసీ వచ్చినది. అగ్ని, పిడుగు, గాలివాన, వరద ఇందు చేరియున్నవి. ఇచ్చట ఒక లెక్క గుర్తుంచుకొనవలెను. నాలుగు లక్షల సరుకునకు రెండు లక్షలకే బీమా చేసి, ఒక లక్ష నష్టపోయినవానికి ఏబదివేలే వచ్చును. తక్కిన సగమునకు అతడే బీమాదారుడని భావింతురు. లోటు నూటికి పదునైదు వంతులు మించనిచో ఈ పాలసీలో ఆ కోత ఉండదు. ఇక ఆటో సంగతి: ఇతరులకు కలుగు హానికై వాహన బీమా 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము తప్పనిసరి.

బీమా మన ప్రాంతమునకు క్రొత్త కాదు. డాక్టరు పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించిన బందరులోనే 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ వెలసినది. 1973లో సాధారణ బీమా జాతీయమై 107 సంస్థలు నాలుగు కంపెనీలైనవి. 1999 నాటి శాసనముతో ప్రైవేటు కంపెనీలు మరల ప్రవేశించినవి. కంపెనీ ఏదైనను సూత్రమొక్కటే: 1938 బీమా చట్టము ననుసరించి ప్రీమియము ముందుగా చెల్లింపబడనిదే రక్షణ ప్రారంభము కాదు. "రేపు కట్టెదను" అనుకొన్న రాత్రి జరిగిన ప్రమాదమునకు ఎవరును పూచీ కారు.

నష్టము జరిగినచో వెంటనే కంపెనీకి తెలుపవలెను. విరిగిన భాగమును పారవేయరాదు, ఛాయాచిత్రములు తీసియుంచవలెను, దొంగతనమైనచో పోలీసులకు ఫిర్యాదు చేయవలెను. కంపెనీతో సంప్రదింపక "తప్పంతయు నాదే, ఇంత ఇచ్చెదను" అని వ్రాసి ఈయరాదు. న్యాయమైన కోరికను కంపెనీ త్రోసిపుచ్చినను, నెలలో బదులీయకున్నను, సొంత వ్యాపారులును సూక్ష్మ సంస్థలవారును హైదరాబాదులోని బీమా అంబుడ్సుమన్ కార్యాలయమునకు సంవత్సరములోపల ఫిర్యాదు చేసికొనవచ్చును. దానికి రుసుము లేదు.

పని చేయించుకొనువారికి ఒక్కమాట. ఇద్దరు కాంట్రాక్టర్లు చెప్పిన ధరలలో కొంత తేడా యున్నప్పుడు, తక్కువ చెప్పినవానిని "నీ పనివారికి బీమా కలదా?" అని ప్రశ్నింపుడు. మీ హోటలుకో, మీ మిల్లుకో, మీ వ్యాపారము నిమిత్తము చేయించు పనిలో కూలికి ప్రమాదము కలిగినచో, పరిహారమునకై మిమ్ములనే ముందుగా అడుగవచ్చును. తరువాత మీరు కాంట్రాక్టరువద్ద రాబట్టుకొనవలసి యుండును. అతనికి బీమా లేనిచో రాబట్టుకొనుటకు ఏమి మిగులును? పాలసీ నకలు చూపుమని అడుగుట అవమానము కాదు. అడుగువారు పెరిగిననాడు చూపువారును పెరుగుదురు. మేడపైకెక్కిన పనివాని కుటుంబమునకు అంతకంటె ధైర్యమేమి కలదు?