వ్యాపార నిర్వహణ సాఫ్ట్‌వేర్: ప్రారంభం తరువాత నిలిచే ప్రయోజనం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• సాఫ్ట్‌వేర్‌ను ప్రారంభించడానికీ, దాని నుండి ప్రయోజనం పొందడానికీ గల తేడాను వివరించగలుగుతారు.
• పుస్తక నిల్వకూ భౌతిక నిల్వకూ మధ్య తేడా ఎందుకు వస్తుందో చెప్పగలుగుతారు.
• ప్రారంభం తరువాత నెలనెలా చేయవలసిన పనులను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

కొనుగోళ్లు, నిల్వలు, ఉత్పత్తి, అమ్మకాలు, జీతాలు, పన్నులు – వీటి లెక్కలన్నిటినీ ఒకేచోట కలిపి చూపే సాఫ్ట్‌వేర్‌ను ఎంటర్‌ప్రైజ్ రిసోర్స్ ప్లానింగ్, క్లుప్తంగా ఈఆర్‌పి అంటారు. చిన్న వ్యాపారాల్లో వాడే ట్యాలీ వంటి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కూడా వీటిలో చాలా పనులు చేస్తుంది.

సాఫ్ట్‌వేర్ అమర్చిన ఆరు నెలల తరువాత చాలా దుకాణాల్లో ఒక దృశ్యం కనిపిస్తుంది. బిల్లు కంప్యూటర్ నుండి వస్తుంది. అసలు లెక్క మాత్రం యజమాని నోటు పుస్తకంలోనే ఉంటుంది. డబ్బు ఖర్చయింది, రాత పని రెట్టింపయింది, నిర్ణయాలు మాత్రం పాత పద్ధతిలోనే జరుగుతున్నాయి. తెర మీది అంకెకూ వాస్తవానికీ పొంతన ఉన్నంత కాలమే సాఫ్ట్‌వేర్‌కు విలువ ఉంటుంది. ఆ పొంతనను ఎలా కాపాడాలో శ్రీ సత్యసాయి జిల్లాలోని మూడు పట్టణాల ఆధారంగా పరిశీలిద్దాం.

2. ధర్మవరం: నమోదు పనిని పోలి ఉండాలి

ధర్మవరం పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఇక్కడ మాస్టర్ వీవర్ పట్టు, జరీ ఇస్తాడు. నేత కార్మికుడు చీర నేసి తెచ్చి మజూరి తీసుకుంటాడు. ఇటువంటి ఒక వ్యాపారంలో సాఫ్ట్‌వేర్ పెట్టారని ఊహించండి.

ముడి పట్టుదారం మీద సెరిసిన్ అనే సహజమైన బంక ఉంటుంది. రంగు వేసే ముందు దానిని ఉడికించి తొలగిస్తారు. అప్పుడు బరువులో సుమారు నాలుగో వంతు తగ్గుతుంది. అంటే 10 కిలోల ముడి పట్టు దాదాపు 7.5 కిలోలవుతుంది. ఈ సహజ తరుగును సాఫ్ట్‌వేర్‌లో ముందే నిర్ణయించకపోతే, తెర మీద 2.5 కిలోల లోటు కనిపిస్తుంది. గుమాస్తా లెక్క సరిపెట్టడానికి ఏదో ఒక ఎంట్రీ వేస్తాడు. అంతకంటే ప్రమాదకరం, ఆ లోటు నేత కార్మికుని ఖాతాలో పడటం. చేయని తప్పుకు మజూరిలో కోత పడుతుంది. ఒకసారి అలా జరిగితే ఆ కార్మికుడు కంప్యూటర్ చీటీని మళ్లీ నమ్మడు.

నోటు పుస్తకం ఇంకా ఎందుకు మిగిలిందో కూడా అడగాలి. పండుగకో, పెళ్లికో కార్మికులకు ఇచ్చిన అడ్వాన్సులను రాసుకోవడానికి సాఫ్ట్‌వేర్‌లో ఖాతా తెరవలేదేమో! నోటు పుస్తకాన్ని నిషేధిస్తే అది దాక్కుంటుంది; చదివితే సాఫ్ట్‌వేర్‌లో ఏమి లోపించిందో తెలుస్తుంది.

3. పెనుకొండ: పుస్తక నిల్వ, భౌతిక నిల్వ

పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించింది. ప్రారంభంలో దాని వార్షిక సామర్థ్యం 3 లక్షల కార్లు. ఇంత పెద్ద సంస్థలో కూడా 2025 మార్చిలో ఇంజన్ల లోటు బయటపడి, సంస్థ పోలీసులకు ఫిర్యాదు చేసింది. కొన్నేళ్లుగా సుమారు 900 ఇంజన్లు పోయాయని పోలీసులు అప్పట్లో చెప్పారు. బాధ్యులెవరో తేల్చవలసింది న్యాయస్థానం. మన పాఠానికి కావలసిన విషయం ఇది: లెక్కల్లో ఉన్న వస్తువు గోదాములో ఉన్నదీ లేనిదీ ఏ సాఫ్ట్‌వేరూ తానుగా చూడలేదు. మనిషి వెళ్లి లెక్కించాలి.

అన్ని వస్తువులనూ రోజూ లెక్కించడం సాధ్యం కాదు. మీరు ఇదివరకే చదివిన ఏబీసీ విశ్లేషణ ఇక్కడ పనికి వస్తుంది. విలువ ఎక్కువగా ఉన్న కొద్ది వస్తువులను నెలకొకసారి, మిగిలినవాటిని మూడు లేదా ఆరు నెలలకొకసారి లెక్కించవచ్చు. ఫలితాన్ని ఈ సూత్రంతో కొలుస్తారు:

నిల్వ ఖచ్చితత్వ శాతం = (సరిపోయిన వస్తువుల సంఖ్య ÷ లెక్కించిన వస్తువుల సంఖ్య) × 100

40 రకాల వస్తువులను లెక్కించగా 34 సరిపోతే ఖచ్చితత్వం 85 శాతం. ఈ అంకె నెలనెలా పెరగాలి. తగ్గుతుంటే నమోదులోనో, కాపలాలోనో లోపముందని అర్థం.

4. హిందూపురం: నియమం మారితే సాఫ్ట్‌వేర్ మారాలి

హిందూపురం చింతపండు వ్యాపారానికి పేరు పొందింది. జీఎస్టీ 2017 జులై 1న అమలులోకి వచ్చింది. ఎండు చింతపండుపై ఉన్న 5 శాతం పన్నును 2019 అక్టోబర్ 1 నుండి తొలగించారు. ఆ రోజు వస్తువుల పట్టికలో రేటు మార్చని వ్యాపారి బిల్లులో పాత పన్నే పడుతుంది. అలా వసూలు చేసిన పన్నును అతను ఉంచుకోవడానికి వీల్లేదు, ప్రభుత్వానికి కట్టవలసిందే. కొనుగోలుదారుకు మాత్రం సరుకు అనవసరంగా ప్రియమవుతుంది.

ఈ పట్టణం కర్ణాటక సరిహద్దులో ఉంది. పన్ను వర్తించే సరుకును అనంతపురం వ్యాపారికి అమ్మితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. గౌరిబిదనూరు వ్యాపారికి అమ్మితే ఐజీఎస్టీ వేయాలి. ఖాతాదారు వివరాల్లో రాష్ట్రం పేరు తప్పుపడితే ప్రతి బిల్లూ తప్పే. కాబట్టి రేట్లు, ఖాతాదారుల వివరాలు మార్చే బాధ్యత ఒక వ్యక్తికి పేరుపెట్టి అప్పగించాలి. అందరి పని ఎవరి పనీ కాకుండా పోతుంది.

5. నెలనెలా చేయవలసిన పనులు

(అ) ఎంపిక చేసిన వస్తువులను లెక్కించి, తేడాకు కారణం రాయాలి. కారణం లేకుండా అంకెను సరిచేయకూడదు.
(ఆ) దిద్దిన ఎంట్రీలను పరిశీలించాలి. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పునూ నమోదు చేసే సదుపాయం 2023 ఏప్రిల్ 1 నుండి తప్పనిసరి. చిన్న వ్యాపారులకూ ఇది మంచి అలవాటు.
(ఇ) కొత్తగా చేరిన ఉద్యోగికి శిక్షణ ఇవ్వాలి. పాత గుమాస్తా మానేస్తే అతని తెలివి కూడా వెళ్లిపోతుంది.
(ఈ) బ్యాకప్ తీయడమే కాదు, అది తిరిగి తెరుచుకుంటుందో లేదో చూడాలి.
(ఉ) ఎవరూ చదవని నివేదికలను ఆపివేయాలి. ఒక్క నిర్ణయమైనా సాఫ్ట్‌వేర్ నివేదిక ఆధారంగా తీసుకోవాలి. ఉదాహరణకు, 45 రోజులు దాటిన బాకీలను ముందు వసూలు చేయడం.

6. సారాంశం

సాఫ్ట్‌వేర్ ప్రారంభంతో పని ముగియదు. నమోదు అసలు పనిని పోలి ఉండాలి, అంకెలను వస్తువులతో సరిచూడాలి, నియమాలు మారినప్పుడు వివరాలు మార్చాలి. ఈ మూడూ సాగినప్పుడే యజమాని నోటు పుస్తకాన్ని తానుగా పక్కన పెడతాడు. పెట్టుబడి ఫలించిందనడానికి అదే గుర్తు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సహజ తరుగును సాఫ్ట్‌వేర్‌లో నిర్ణయించకపోతే ఎవరికి, ఎలా నష్టం జరుగుతుంది?
2. 60 రకాల వస్తువులను లెక్కించగా 51 సరిపోయాయి. నిల్వ ఖచ్చితత్వ శాతం ఎంత?
3. మీ ఊరిలోని ఒక దుకాణాన్ని పరిశీలించి, సాఫ్ట్‌వేర్ ఉన్నా నోటు పుస్తకంలో ఏయే వివరాలు రాస్తున్నారో, ఎందుకో ఒక పేజీలో రాయండి.