కాలిఫోర్నియా ప్రతిపాదన 65 హెచ్చరికలు

కాలిఫోర్నియా ప్రతిపాదన 65 హెచ్చరిక అనునది అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాలిఫోర్నియా రాష్ట్రములో అమ్మే వస్తువులపైన, దుకాణాలలోను, అంతర్జాల విక్రయ పుటలలోను కనిపించే ఆరోగ్య హెచ్చరిక. క్యాన్సరును గాని, పుట్టుకతో వచ్చే లోపాలను గాని, సంతానోత్పత్తికి ఇతర హానిని గాని కలిగించే రసాయనము ఆ వస్తువు వలన మనిషి శరీరములో చేరే అవకాశమున్నదని ఇది తెలుపుతుంది. వంటపాత్రలు, చేతిసంచులు, విద్యుత్తు తీగలు, కొయ్య సామాను, మసాలా పొడులు మొదలైన వస్తువులను ఆన్‌లైనులో కొనేవారికి ఈ హెచ్చరిక తరచుగా ఎదురవుతుంది. చాలామంది అమ్మకందారులు దేశమంతటికీ ఒకే పుటను చూపుతారు గనుక, కాలిఫోర్నియాతో సంబంధము లేని కొనుగోలుదారులు కూడా దీనిని చూచి కలవరపడుట కద్దు.

చరిత్ర

1986 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు నేరుగా ఓటు వేసి ఈ చట్టమును ఆమోదించారు. అనుకూలముగా సుమారు 63 శాతము ఓట్లు వచ్చినవి. ఓటుపత్రముపై దీని సంఖ్య 65 కావడము వలన ఆ పేరు స్థిరపడినది. దీని అధికారిక నామము 1986 నాటి సురక్షిత త్రాగునీరు, విష పదార్థాల అమలు చట్టము. ఇందులో రెండు ముఖ్యాంశాలు ఉన్నవి. మొదటిది, హానికర రసాయనాలను త్రాగునీటి వనరులలోనికి వదలరాదు. రెండవది, అటువంటి రసాయనాలు ప్రజల శరీరములో చేరే పరిస్థితి ఉన్నప్పుడు స్పష్టమైన హెచ్చరికను ముందుగా ఇవ్వవలెను.

రసాయనాల జాబితాను పర్యావరణ ఆరోగ్య అపాయాల అంచనా కార్యాలయము నిర్వహిస్తున్నది. మొదటి జాబితా 1987లో వెలువడినది. ప్రస్తుతము ఇందులో సుమారు 900 రసాయనాలు ఉన్నవి. సీసము, కాడ్మియము, పాదరసము, బెంజీను, ఫార్మాల్డిహైడు, అఫ్లటాక్సిన్లు, పొగాకు పొగ, మద్య పానీయాలు వీటిలో కొన్ని. రంపపు పని వలన రేగే కొయ్యపొడి కూడా జాబితాలో ఉన్నది. కొయ్య సామాను అమ్మే పుటలలో హెచ్చరిక కనిపించడానికి ఇది ఒక కారణము.

పరిమితుల నిర్ణయము

క్యాన్సరు కారక రసాయనము విషయములో, 70 సంవత్సరాల జీవితకాలము ప్రతిదినము ఆ మోతాదు శరీరములో చేరినప్పటికీ 1,00,000 మందిలో ఒకరికి మించి అదనముగా క్యాన్సరు రాని మోతాదును పరిమితిగా తీసుకొంటారు. సంతానోత్పత్తికి హాని చేసే రసాయనము విషయములో, ఎటువంటి దుష్ఫలితమూ కనిపించని మోతాదును 1,000తో భాగిస్తారు. ఈ పరిమితులకు లోబడినప్పుడు హెచ్చరిక అవసరము లేదు. ఆహార పదార్థాలలో మానవ ప్రమేయము లేకుండా సహజముగా ఉండే రసాయనానికి కూడా మినహాయింపు ఉన్నది.

సంతానోత్పత్తి హాని దృష్ట్యా సీసానికి నిర్ణయించిన పరిమితి దినమునకు 0.5 మైక్రోగ్రాములు. ఇది ఎంత చిన్న మోతాదో పసుపు ఉదాహరణతో గ్రహించవచ్చును. పది లక్షల భాగాలలో ఒక భాగము సీసమున్న పసుపును దినమునకు 1 గ్రాము తిన్నచో 1 మైక్రోగ్రాము సీసము శరీరములోనికి వెళ్ళును. అనగా పరిమితికి రెట్టింపు. భారతదేశపు 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు పసుపులో పది లక్షలకు 10 భాగాల వరకు సీసమును అనుమతించినవి. కాబట్టి భారతీయ నిబంధనలకు పూర్తిగా లోబడిన పసుపు పొట్లముపై కూడా కాలిఫోర్నియాలో హెచ్చరిక ఉండవచ్చును. అక్కడి భారతీయ దుకాణాలలో సరుకులు కొనే తెలుగు కుటుంబాలకు ఈ తేడా తెలియడము అవసరము.

అంతమాత్రాన ఆ హెచ్చరికను కొట్టిపారవేయరాదు. పది లక్షలకు 10 భాగాల సీసమున్న పసుపు 1 గ్రాములో 10 మైక్రోగ్రాముల సీసము ఉంటుంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఆహారము ద్వారా చేరే సీసానికి సూచించిన దినసరి ప్రమాణము పిల్లలకు 2.2 మైక్రోగ్రాములు, సంతానము కలిగే వయస్సులోని స్త్రీలకు 8.8 మైక్రోగ్రాములు మాత్రమే. పసుపుకు నిగనిగలాడే రంగు రావడానికి లెడ్ క్రోమేటు కలిపే కల్తీ దక్షిణాసియాలో వెలుగుచూసినది. అటువంటి పసుపులో సీసము ఇంతకంటె చాలా ఎక్కువగా ఉండగలదు. చిన్నపిల్లల శరీరము పెద్దల కంటె 4 నుండి 5 రెట్లు అధికముగా సీసమును గ్రహించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది. సీసము మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పిల్లలకు పూర్తిగా సురక్షితమని చెప్పదగిన సీసపు మోతాదు ఏదియు లేదు.

హెచ్చరిక రూపము

2018 ఆగస్టు 30 నుండి కొత్త నిబంధనలు అమలులోనికి వచ్చినవి. వీటి ప్రకారము పసుపుపచ్చని త్రిభుజములో నల్లని ఆశ్చర్యార్థక చిహ్నము, దాని ప్రక్కన హెచ్చరిక అను మాట, కనీసము ఒక రసాయనము పేరు, ప్రభుత్వ వెబ్‌సైటు చిరునామా ఉండవలెను. ఆహార పదార్థాలకు త్రిభుజము అవసరము లేదు గాని హెచ్చరికను గడిలో ముద్రించవలెను. రసాయనము పేరు లేని పొట్టి హెచ్చరికను కూడా అప్పట్లో అనుమతించారు. పొట్టి హెచ్చరికలో సైతము కనీసము ఒక రసాయనమును పేర్కొనవలెనను సవరణ 2025 జనవరి 1న అమలులోనికి వచ్చినది. పాత పద్ధతి నుండి మారుటకు మూడు సంవత్సరాల గడువు ఇచ్చారు.

లేబులుపై వాడే విధానము, దినుసులు వంటి సమాచారము ఆంగ్లేతర భాషలో ఉన్నచో హెచ్చరికను ఆ భాషలో కూడా ఇవ్వవలెను. ఈ నియమము తెలుగుకు కూడా వర్తించును. అయితే సరుకు పేరు మాత్రమే తెలుగులో ఉన్నచో ఇది వర్తించదు.

అంతర్జాల విక్రయాలు

ఆన్‌లైను అమ్మకాలలో కొనుగోలు పూర్తి కాకముందే హెచ్చరిక కనిపించవలెను. దానిని వస్తువును చూపే పుటలోనే ఇవ్వవచ్చును, లేదా ఆ పుటలో స్పష్టమైన లింకు ద్వారా ఇవ్వవచ్చును. కొనుగోలుదారు వెదకి పట్టుకోవలసిన చోట ఉంచిన హెచ్చరిక చెల్లదు.

ఇతర అమ్మకందారుల సరుకును తన వేదికపై ఉంచే సంస్థకు ఎంత బాధ్యత ఉన్నదను ప్రశ్న న్యాయస్థానము వరకు వెళ్ళినది. చర్మమును తెల్లబరచే కొన్ని పాదరసపు క్రీములు హెచ్చరిక లేకుండా అమెజాన్‌లో అమ్ముడైన వ్యాజ్యములో 2022లో కాలిఫోర్నియా అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఇతరులు ప్రచురించిన సమాచారము విషయములో అంతర్జాల వేదికలకు లభించే సమాఖ్య చట్టపు రక్షణ ఇక్కడ వర్తించదని ఆ తీర్పు సారాంశము.

అమలు, ఫలితాలు

చట్టమును ఉల్లంఘించినచో ఒక్కొక్క ఉల్లంఘనకు దినమునకు 2,500 డాలర్ల వరకు జరిమానా విధించవచ్చును. 60 రోజుల ముందు నోటీసు ఇచ్చి సామాన్య పౌరులు కూడా దావా వేయవచ్చును. జరిమానాలో 25 శాతము వారికి లభిస్తుంది. 10 మంది కంటె తక్కువ ఉద్యోగులున్న సంస్థలకు ఈ చట్టము వర్తించదు.

హెచ్చరిక ముద్రించుటకు ఇష్టపడక తయారీదారులు సరుకునే మార్చిన సందర్భాలు ఉన్నవి. టైపు చేసిన కాగితాలపై తప్పులు దిద్దే ద్రవము నుండి ట్రైక్లోరోఇథిలీనును తొలగించుట వీటిలో ఒకటి. 2008లో కొన్ని బంగాళాదుంప చిప్సు తయారీ సంస్థలు అక్రిలమైడును తగ్గించుటకు ఒప్పుకొన్నవి.

విమర్శలు

హెచ్చరికలు మితిమీరి ఉండుట వలన ప్రజలు వాటిని చదవడము మానివేస్తారని విమర్శకుల వాదన. దావాలకు జంకి, పరీక్ష చేయకుండానే హెచ్చరిక అంటించే సంస్థలు కూడా ఉన్నవి. కాఫీ గింజలను వేయించునప్పుడు అక్రిలమైడు ఏర్పడును గనుక కాఫీకి హెచ్చరిక ఉండవలెనని 2018లో ఒక న్యాయమూర్తి తీర్పునిచ్చారు. కాని కాఫీ వలన క్యాన్సరు వచ్చునని ఆధారాలు చూపడము లేదని 2019లో ప్రభుత్వము దానికి మినహాయింపు ఇచ్చినది. కలుపుమందు గ్లైఫోసేటుపై హెచ్చరికను తప్పనిసరి చేయుట భావ ప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని 2023లో సమాఖ్య అప్పీలు న్యాయస్థానము పేర్కొన్నది.

కొనుగోలుదారులు గ్రహించవలసినవి

* హెచ్చరిక ఉన్నంత మాత్రాన ఆ వస్తువు నిషిద్ధమని గాని, ఇతర భద్రతా ప్రమాణాలను మీరినదని గాని అర్థము కాదు. రసాయనము ఎంత ఉన్నదో కూడా హెచ్చరిక చెప్పదు.
* హెచ్చరిక లేనంత మాత్రాన వస్తువు నిరపాయకరము కాదు. చిన్న సంస్థలకు మినహాయింపు ఉన్నది, జాబితాకెక్కని రసాయనాలు కూడా ఉండవచ్చును.
* మొదట రసాయనము పేరు, తరువాత అది శరీరములో చేరే మార్గము చూడవలెను. గోడ వెనుక ఉండే తీగలోని రసాయనము వేరు, ప్రతిదినము తినే పొడిలోని సీసము వేరు.
* గర్భిణులు, పసిపిల్లలు ఉన్న ఇళ్ళలో ఆహారము, పాత్రలు, బొమ్మలు, సౌందర్య సాధనాలపై ఉన్న హెచ్చరికకు ఎక్కువ ప్రాధాన్యత ఇవ్వవలెను. సీసము, కాడ్మియము పరీక్షల నివేదికను అమ్మకందారును అడుగవచ్చును.