పన్ను పీకించే ముందు ‘కరెంటు పెట్టించుకున్నా’ అని చెప్పండి

బాలింకాలిగ్ (ఐర్లాండ్): ఈ ఊళ్లో మొదటిసారి పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు నా చేతికి ఒక కాగితం ఇచ్చారు. షుగరు ఉందా, బీపీ ఉందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా అని వరుసగా ప్రశ్నలు. అన్నిటికీ ‘లేదు’ అని టిక్కు పెట్టుకుంటూ పోతుంటే ఒక ప్రశ్న దగ్గర చేయి ఆగిపోయింది. ‘తలకు గాని మెడకు గాని ఎప్పుడైనా రేడియేషన్ చికిత్స జరిగిందా?’ అని ఉంది. నాకు జరగలేదు, మా అన్నకు జరిగింది. ఆ ఒక్క ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. రెండు మాటలతో పోయేదానికి రెండేళ్ల నుంచి తిప్పలు పడుతున్నాడు.

మాది జగిత్యాల వైపు పల్లె. ఇంటర్ అయ్యాక నేను గల్ఫ్‌లో ఒక క్యాంపులో టైమ్ కీపర్‌గా చేశాను. మా ఇంటావిడ నర్సు. ఆమెకు కార్క్‌లో ఉద్యోగం రావడంతో ఇక్కడికి వచ్చాం. బాలింకాలిగ్ కార్క్ నగరానికి పడమర, లీ నది పక్కన ఉంటుంది. ఇప్పుడు నేను ఒక ఆఫీసులో బిల్లులు రాసే గుమాస్తాను. మా అన్న మాత్రం పద్నాలుగేళ్లు గల్ఫ్‌లోనే షట్టరింగ్ కార్పెంటర్. క్యాంపులో ఉండే అన్నలకు, తమ్ముళ్లకు ఉపయోగపడుతుందని ఆయన్ని అడిగే ఇది రాస్తున్నాను.

అన్న కథ

అన్నకు గుట్కా, అంబర్ రెండూ అలవాటు. డ్యూటీలో నిద్ర రాకుండా, ఆకలి తెలియకుండా బుగ్గన పెట్టుకునేవాడు. 2019లో బుగ్గ లోపల పుండు లేచింది. చెబితే పని పోతుందని నాలుగు నెలలు దాచాడు. చివరికి ఇంటికి వచ్చి, హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించుకుని, ఆరు వారాలకు పైగా రేడియేషన్ తీసుకున్నాడు. మన ఊళ్లలో దాన్ని రేడియేషన్ అని ఎవరంటారు? ‘కరెంటు పెట్టిన్రు’ అంటారు. క్యాన్సర్ తగ్గింది. అందరం సంతోషించాం.

2023లో కింది దవడ పన్ను నొప్పి పెట్టింది. దగ్గర్లోని పళ్ల క్లినిక్‌కు వెళ్లాడు. ‘షుగర్, బీపీ ఉన్నయా?’ అని అడిగితే లేవన్నాడు. క్యాన్సర్ సంగతి ఎప్పుడో అయిపోయిందనుకున్నాడు, నలుగురిలో చెప్పడానికి మొహమాటపడ్డాడు కూడా. పది నిమిషాల్లో పన్ను పీకేశారు.

నెల దాటినా ఆ గుంట పూడలేదు. ‘తమ్మీ, పన్ను పీకిన కాడ నాలుకకు రాయి లెక్క తగులుతుందిరా’ అని ఫోన్‌లో చెప్పాడు. పన్ను ముక్క మిగిలిపోయిందనుకుని మెడికల్ షాపులో గోళీలు తెచ్చుకుని మింగాడు. తర్వాత నోటి నుంచి వాసన మొదలైంది. పిల్లల ముందు సిగ్గుపడి పళ్లెం తీసుకుని వేరుగా కూర్చునేవాడు. వదిన రాత్రుళ్లు ఏడ్చేది. క్యాన్సర్ మళ్లీ వచ్చిందని అందరి భయం. ఆ మాట వినాల్సి వస్తుందనే అన్న ఆస్పత్రికి పోలేదు.

ఒక ఆదివారం మా ఇంటావిడ వీడియో కాల్‌లో ‘బావగారూ, టార్చి వేసి నోరు చూపించండి’ అని అడిగింది. చిగురు మధ్యలో పచ్చగా ఎముక కనబడింది. ‘ఇది క్యాన్సరే కానక్కర్లేదు, వేరేది కూడా కావచ్చు, రేపే క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లండి’ అంది. వెళ్లాడు. ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సర్ లేదు. రేడియేషన్ తగిలిన దవడ ఎముక చచ్చిపోయిందన్నారు. డాక్టర్లు దీన్ని ఆస్టియో రేడియో నెక్రోసిస్ అంటారు.

ఎముక ఎందుకు చచ్చిపోతుంది?

రేడియేషన్ క్యాన్సర్ కణాలను చంపుతుంది. కానీ దాని దారిలో ఉన్న మంచి ఎముకకు కూడా దెబ్బ తగులుతుంది. ఎముకలోని సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి, కొత్త ఎముకను తయారుచేసే కణాలు తగ్గిపోతాయి. పైకి ఏమీ తెలియదు. పన్ను పీకినప్పుడు అక్కడ గాయం మానాలంటే రక్తం కావాలి, ఆ రక్తం చాలదు. పై దవడ కంటే కింది దవడకు రక్తం తక్కువ దారుల్లో వస్తుంది కాబట్టి ఈ బాధ ఎక్కువగా కింది దవడకే వస్తుంది.

ఇంకో సంగతి ఉంది. రేడియేషన్ వల్ల ఉమ్మి ఊరడం తగ్గి, నోరు ఎండిపోయి, పళ్లు తొందరగా పుచ్చిపోతాయి. అంటే పన్ను పీకించాల్సిన అవసరం పెరుగుతుంది, పీకితే మానే శక్తి మాత్రం తగ్గుతుంది. రేడియేషన్ అయి ఎన్నేళ్లయినా ఈ ప్రమాదం పూర్తిగా పోదు. ‘నాకు పదేళ్ల కింద అయింది, ఇప్పుడేం కాదు’ అనుకోవద్దు. కొందరికి పన్ను పీకకుండానే కూడా వస్తుంది.

ఈ గుర్తులు కనబడితే ఆగవద్దు

- పన్ను పీకిన గుంట మూడు నాలుగు వారాలైనా పూడకపోవడం
- నాలుకకు గరుకుగా ఎముక తగలడం
- చీము, చెడు వాసన, కింది పెదవి తిమ్మిరి
- నోరు తెరుచుకోవడం రోజురోజుకూ తగ్గడం
- దవడ కింద చర్మానికి రంధ్రం పడి నీరు కారడం

ఇవి క్యాన్సర్ తిరగబెట్టినా రావచ్చు, ఎముక దెబ్బతిన్నా రావచ్చు. ఏది అనేది ఎక్స్‌రే, సీటీ స్కాన్, ముక్క పరీక్షలతో డాక్టరు మాత్రమే చెప్పగలడు. భయపడి ఇంట్లో కూర్చుంటే రెండూ ముదురుతాయి.

మందు ఉందా?

ఉంది, కానీ ఓపిక కావాలి. చిన్నగా ఉన్నప్పుడు నోరు పుక్కిలించే మందు, చీముంటే యాంటీబయాటిక్స్ ఇస్తారు, ఊడిన ఎముక ముక్కలు తీసేస్తారు. పెంటాక్సిఫిల్లిన్ అనే గోళీలు, విటమిన్ ఈ కలిపి నెలల తరబడి వాడే పద్ధతి కూడా ఉంది. మా అన్నకు అదే ఇచ్చారు. అయితే ఇది మీరే కొనుక్కుని మింగేది కాదు, రక్తం పలచబడే మందులు వాడేవారికి ప్రమాదం. బాగా ముదిరితే చచ్చిన ఎముకను కోసి తీసేసి, కాలి ఎముక ముక్కను రక్తనాళాలతో సహా తెచ్చి దవడకు అతుకుతారు. అది పెద్ద ఆపరేషన్.

ఎక్కువ ఒత్తిడి ఉన్న గదిలో ఆక్సిజన్ పీల్పించే చికిత్స గురించి కూడా చెబుతారు. రేడియేషన్ అయినవాళ్లకు కింది దవడ పన్ను తీసేటప్పుడు ఈ ఆక్సిజన్ ముందుజాగ్రత్తగా పనిచేస్తుందా అని పరీక్షించి, 2019లో బ్రిటన్ డాక్టర్లు ఫలితం ప్రకటించారు. ఆక్సిజన్ తీసుకున్నవాళ్లలోనూ, తీసుకోనివాళ్లలోనూ ఆరు నెలలకు వందకు సుమారు ఆరుగురికే ఎముక దెబ్బతింది. మనకు ఇందులో రెండు సంగతులున్నాయి. అప్పులు చేసి ఆక్సిజన్ కోసం పరుగెత్తే ముందు రెండో డాక్టరును అడగాలి. రెండోది, తెలిసిన చేతుల్లో, జాగ్రత్తలు తీసుకుని తీస్తే ఎక్కువమందికి గాయం మానుతుంది.

ముందు పళ్లు, తర్వాత కరెంటు

బాలింకాలిగ్ నుంచి నగరానికి వెళ్లే వైపు విల్టన్‌లో కార్క్ యూనివర్సిటీ హాస్పిటల్ ఉంది. పళ్ల ఆస్పత్రి కూడా అదే ఆవరణలో ఉంది. నోటికి రేడియేషన్ మొదలుపెట్టే ముందు పళ్లు చూపించడం ఇక్కడ పద్ధతి. మన దగ్గర కూడా పెద్ద క్యాన్సర్ ఆస్పత్రుల్లో ఇదే చెబుతారు. పుచ్చిన పళ్లు ఉంటే రేడియేషన్‌కు కనీసం రెండు వారాల ముందు తీయించుకోవాలి, ఆ గాయం మానాలి. ఎవరూ చెప్పకపోతే ‘సార్, ముందు పళ్ల డాక్టరుకు చూపించుకోవాలా?’ అని మీరే అడగండి.

రేడియేషన్ అయిపోయినవాళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి పళ్లు చూపించుకోవాలి. పీకడం కంటే సిమెంటు నింపడం, రూట్ కెనాల్ చేయడం మేలు. పీకక తప్పదంటే క్యాన్సర్ డాక్టరుతో మాట్లాడాకే పీకించుకోవాలి.

రోజు ఎట్లా గడుస్తుంది?

అన్న తిండి ఇప్పుడు మెత్తన. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం మెత్తగా ఉడికిన పప్పుతో అన్నం, కోడిగుడ్డు, రాత్రి పెరుగన్నం. కారం తగ్గించాడు, మొదట్లో దానికే ఎక్కువ బాధపడ్డాడు. వారానికోసారి బరువు చూసుకుంటాడు. నీళ్ల సీసా ఎప్పుడూ పక్కనే ఉంటుంది. డాక్టరు రాసిన ఫ్లోరైడ్ పేస్టుతో మెత్తని బ్రష్‌తో తోముతాడు. నోరు బిగుసుకోకుండా ఐస్‌క్రీమ్ పుల్లలు ఒకదానిమీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టుకునే కసరత్తు ఆస్పత్రిలో నేర్పారు. రెండు వేళ్లు పట్టేంత తెరుస్తున్నాడు. అంబర్ మానేశాడు. ఉత్త వక్కపొడి కూడా ముట్టడు. పొగాకు కలవకపోయినా వక్క క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది.

చచ్చిన ఎముక ముక్క ఒకటి ఊడి వచ్చింది. వాసన పోయింది. గుంట ఇంకా పూర్తిగా పూడలేదు. కానీ ఇప్పుడు పిల్లలతో కలిసే తింటున్నాడు.

జేబులో ఒక కాగితం

నోటికి, గొంతుకు కరెంటు పెట్టించుకున్నవాళ్లు మీ క్యాంపులో ఉంటే, లేదా ఇంటి దగ్గర ఉంటే, ఈ పని చేయించండి. ఏ ఆస్పత్రి, ఏ సంవత్సరం, ఏ వైపు, ఎంత రేడియేషన్ అనేది డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. లేకపోతే ఆస్పత్రిలో అడిగి రాయించుకోండి. దాని ఫోటో ఫోన్‌లో ఉంచండి, ఒక జిరాక్సు పర్సులో పెట్టుకోండి. పళ్ల కుర్చీలో కూర్చోగానే, డాక్టరు అడిగినా అడగకపోయినా, ముందు అది చూపించండి. భాష రాకపోతే ‘రేడియేషన్’ అని దవడ మీద వేలు పెట్టి చూపించినా చాలు.

మొన్న అన్నతో మాట్లాడినప్పుడు, పేపర్లో ఏం రాయమంటావని అడిగాను. ‘సిగ్గుపడకున్రి అని రాయి. నేను సిగ్గుపడ్డందుకే ఇంత అయింది’ అన్నాడు.