మన ఇంటి మామిడి జామ్: సర్జాపుర లెక్క వేరు



జూన్ వచ్చిందంటే కోలారు జిల్లా శ్రీనివాసపుర వైపు నుంచి తోతాపురి కాయలు మన రోడ్లమీదికి దిగుతాయి. చిత్తూరు వైపు చుట్టాలు ఇదే కాయను బెంగుళూరా అంటారు. ఇంకొందరికి ఇది కలెక్టర్ కాయ. పేరేదైనా ఇది గుజ్జు కాయే. చిత్తూరు, క్రిష్ణగిరి జిల్లాల ఫ్యాక్టరీలు గుజ్జుకోసం ఎక్కువగా కొనేది దీన్నే.

ఆ ఫ్యాక్టరీలు కొనకపోతే రైతు గతి ఏమిటో 2025లో చూశాం. ఆ జూన్‌లో చిత్తూరు జిల్లా యంత్రాంగం బయటి రాష్ట్రాల తోతాపురిని జిల్లాలోకి రానివ్వలేదు. అక్కడి రైతుకు కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 ఇచ్చేట్టు నిర్ణయమైంది. ఇక్కడ కర్ణాటక ముఖ్యమంత్రి ఆంధ్ర ముఖ్యమంత్రికి లేఖ రాశారు. తర్వాత కేంద్రం కర్ణాటక రైతులకు క్వింటాలుకు 1,616 రూపాయల ధర ఒప్పుకుంది. అటు పండించేదీ మనవాళ్ళే, ఇటు పండించేదీ మనవాళ్ళే. మనం రెండు సీసాల జామ్ చేస్తే వాళ్ళ కష్టం తీరదు. కానీ కాయ చవకగా దొరికే ఆ మూడు, నాలుగు వారాల్లో ఏడాదికి సరిపడా చేసుకోవడం మన చేతిలో పని.

తాండ్ర ఎందుకు కాదని పెద్దవాళ్ళు అడుగుతారు. ఆత్రేయపురం తాండ్రకు ఏప్రిల్, మే ఎండలు కావాలి. మనకు కాయ బాగా వచ్చేసరికి మబ్బు పట్టి చినుకులు మొదలవుతాయి. చాపమీద పోసిన రసం ఆరేలోపే పులుస్తుంది. అందుకే ఈ ఊరికి జామే సరి.

కావలసినవి

సుమారు రెండు కిలోల తోతాపురి కాయలు తీసుకుంటే కిలో గుజ్జు వస్తుంది. అందులో మూడొంతులు బాగా పండినవి, ఒక వంతు దోరకాయలు ఉండాలి. జామ్ గట్టిపడడానికి పెక్టిన్ అనే పదార్థం, పులుపు, చక్కెర మూడూ కావాలి. పండు మాగేకొద్దీ పెక్టిన్, పులుపు తగ్గిపోతాయి. దోరకాయ ఆ లోటు తీరుస్తుంది. కిలో గుజ్జుకు 750 గ్రాముల చక్కెర, రెండు నిమ్మకాయల రసం చాలు.

చేసే పద్ధతి

ముందుగా అడుగు మందంగా ఉన్న ఖాళీ గిన్నెను కాటామీద పెట్టి బరువు రాసుకోండి. ఎందుకో తర్వాత చెబుతాం. కాయలు కడిగి, తొక్క తీసి, టెంకలు తీసేసి మిక్సీలో వేసి జల్లెడ పట్టండి. గుజ్జును పది నిమిషాలు ఉడికించాక చక్కెర వేసి, అది కరిగేదాకా సన్నమంటమీద కలపండి. తర్వాత మంట పెంచి, అడుగంటకుండా చెక్క గరిటెతో తిప్పుతూ ఉండండి. గుజ్జు ఎగిరి చేతిమీద పడుతుంది కాబట్టి పొడుగు గరిటె వాడండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. చిక్కబడే సమయంలో నిమ్మరసం పోయండి.

ఎప్పుడు దించాలి?

అందరూ పొరబడేది ఇక్కడే. వంట పుస్తకాల్లో 105 డిగ్రీలు అని ఉంటుంది. అది సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న ఊళ్ళ లెక్క. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీలకే మరుగుతాయి. జామ్ తయారయ్యేది నీళ్ళు మరిగే వేడికన్నా నాలుగైదు డిగ్రీలు పైన, అంటే మనకు 102 దగ్గర. ఇక్కడ 105 కోసం కాచుకుంటే జామ్ రాదు, చాక్లెట్‌లా సాగే ముద్ద వస్తుంది.

థర్మామీటరు లేనివాళ్ళకు గుమాస్తా లెక్క ఒకటి ఉంది. కిలో గుజ్జులో నీరు పోగా మిగిలేది సుమారు 150 గ్రాములు. చక్కెర 750. మొత్తం 900. మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం జామ్‌లో కరిగిన ఘనపదార్థం కనీసం 65 శాతం ఉండాలి. 900ను 65తో భాగించి వందతో హెచ్చిస్తే సుమారు 1,380 గ్రాములు వస్తుంది. గిన్నె బరువు తీసేయగా 1,380 మిగిలితే మంట ఆపేయండి. చల్లటి పళ్ళెంమీద ఒక చుక్క వేసి, నిమిషం ఆగి వేలితో తోసినప్పుడు ముడత పడితే లెక్క సరిపోయినట్టే.

సీసాలను, మూతలను ముందే 15 నిమిషాలు నీళ్ళలో మరిగించి, తడి ఆరనివ్వండి. వేడి సీసాలో వేడి జామ్ నింపి వెంటనే మూత బిగించండి. తేదీ రాసి అంటించండి.

చక్కెర తగ్గించవచ్చా?

ఈ ప్రశ్నకు మా తప్పే జవాబు. రెండేళ్ళ కిందట పెద్దవాళ్ళకు మంచిదని చక్కెర సగానికి తగ్గించి చేశాం. సీసాలు అల్మారాలో పెట్టి పండుగకు పంచుదామనుకున్నాం. నెల తిరక్కుండా బూజు పట్టింది. పైన ఉన్నది తీసేసి వాడదామని ఒకరిద్దరు అన్నారు. అది ప్రమాదం, బూజు విషం లోపలికీ దిగుతుంది. అన్నీ పారబోశాం. జామ్‌లో చక్కెర తీపికోసమే కాదు, క్రిములకు నీరు అందకుండా కాపలా కాస్తుంది. కాపలా తీసేస్తే ఫ్రిజ్ తప్పనిసరి, అదీ రెండు మూడు వారాలకే.

షుగరు ఉన్నవాళ్ళకు మా సలహా: ఒక చిన్న చెంచా జామ్‌లో సుమారు ఐదు గ్రాముల చక్కెర ఉంటుంది. ఆ లెక్క డాక్టరుకు చెప్పి తినండి. ఇంట్లో చేసింది కదా అని లెక్క మానకండి. బెల్లంతో చేసినా షుగరు షుగరే.

ఈసారి మనవలు సెలవుల్లో ఉండగానే ఈ పని పెట్టుకోండి. కాటా చూడడం, లెక్క వేయడం వాళ్ళకు అప్పగించండి. దోరకాయ, టెంక, జల్లెడ, తాండ్ర అనే మాటలు బడిలో రావు. గిన్నె చుట్టూ నిలబడ్డప్పుడే వస్తాయి. ఎవరింట్లోనైనా జామ్ గట్టిపడకపోతే పారేయకండి. గిన్నెతో సహా బరువు రాసుకుని మా దగ్గరికి రండి, కలిసి లెక్క చూద్దాం.