మీకు తెలుసా? నాలుగు అడుగులకో అద్దె సైకిలు!

గంటకింత అని షాపులో సైకిలు అద్దెకు తెచ్చుకుని, టైము దాటితే చీవాట్లు తిన్న రోజులు గుర్తున్నాయా? ఇప్పుడు చాలా నగరాల్లో ఒక వీధిలో సైకిలు తీసుకుని ఇంకో వీధిలో వదిలేయొచ్చు. మరి ఆ సైకిళ్లు పరుగులు తీస్తాయా, మూలన పడతాయా? ఊళ్లో జనం ఎంత ఒత్తుగా ఉన్నారో చూస్తే సగం జవాబు దొరికినట్టే!

● పారిస్‌లో 2007 జులై 15న మొదలైన ‘వెలిబ్’ సైకిళ్లకు దాదాపు 300 మీటర్లకో స్టాండు! అంటే నాలుగు నిమిషాల నడక. సైకిలు కోసం అంతకన్నా నడవాలంటే, ‘ఆ నడకేదో నేరుగా ఇంటికే నడిస్తే పోలా’ అనిపించదూ?

● ఆ లెక్కన చదరపు కిలోమీటరుకు 11 స్టాండ్లు పడతాయి. మరి 600 మీటర్లకొకటి పెడితే ఎన్ని? ఐదారు అన్నారా? తప్పు! మూడు కూడా రావు, ఎందుకంటే ఎడం రెట్టింపైతే స్టాండ్లు నాలుగో వంతుకు పడిపోతాయి.

● హైదరాబాద్ కంటే పారిస్ రెండింతలు కిక్కిరిసిన ఊరు! 2011 జనాభా లెక్కల ప్రకారం గ్రేటర్ హైదరాబాద్‌లో చదరపు కిలోమీటరుకు సుమారు 10 వేల మంది ఉంటే, పారిస్‌లో 20 వేలు. విస్తీర్ణంలో మాత్రం అప్పటి మన గ్రేటర్‌లో ఆరు పారిస్‌లు పట్టేసేవి! అక్కడ గోడకు గోడ ఆనించి ఆరేడు అంతస్తుల ఇళ్లు కట్టారు మరి. అందుకే 300 మీటర్ల లెక్కన ఒక్కో స్టాండు వాటాకు సుమారు 1,800 మంది వస్తారు.

● 2013 మే 27న న్యూయార్క్ దాదాపు 6,000 సైకిళ్లు తెచ్చి, నగరమంతా పంచకుండా మాన్‌హట్టన్ దక్షిణ భాగంలోనూ బ్రూక్లిన్‌లో కొంత మేరా మాత్రమే పెట్టింది! గరిటెడు నెయ్యి ఊరంతటికీ వడ్డిస్తే ఎవరి విస్తట్లోనూ వాసనైనా తగలదు కదా.

● సియాటిల్‌లో 2014లో వచ్చిన ‘ప్రోంటో’కు ఉన్నవి 500 సైకిళ్లు, 50 స్టాండ్లు, 2017 మార్చి 31తో మూత! ఎత్తుపల్లాలు, హెల్మెట్ నిబంధన కూడా అడ్డే అయినా, నా ఓటు మాత్రం స్టాండ్ల కొరతకే.

● వంద సైకిళ్లు కావాలంటే, వాటిని నిలిపే చోట్లు 200 నుంచి 250 ఉండాలి! పొద్దున అందరూ ఆఫీసుల వైపే తొక్కుతారు, అక్కడ ఖాళీ లేకపోతే సైకిలు నెత్తిన పెట్టుకుని తిరగాలి మరి.

● అలా ఒకేచోట పోగుపడ్డ సైకిళ్లను రాత్రనక పగలనక లారీల్లో వెనక్కి మోస్తుంటారు! న్యూయార్క్ ఇంకో చిట్కా కనిపెట్టింది: నిండిన స్టాండు నుంచి ఖాళీ స్టాండుకు సైకిలు చేర్చినవాళ్లకు పాయింట్లిస్తుంది. వాళ్లను ఏమని పిలుస్తారో తెలుసా? ‘బైక్ ఏంజెల్స్’, అంటే సైకిలు దేవదూతలు!

● 1965లో ఆమ్‌స్టర్‌డామ్ కుర్రాళ్లు తెల్లరంగు వేసి అందరి కోసమూ వదిలిన సైకిళ్లను పట్టుకుపోయింది దొంగలు కాదు, పోలీసులు! తాళం వేయని సైకిలు వీధిలో ఉంచడం నేరమట.

● 2017లో ఒక్క షాంఘైలోనే స్టాండ్లు అక్కర్లేని అద్దె సైకిళ్లు 15 లక్షలు! నడవడానికి చోటు లేక, ఆ ఆగస్టులో ‘ఇక కొత్తవి దించొద్దు’ అని నగరమే అడ్డుకుంది.

● మనకు దగ్గర్లోని మైసూరులో 2017లో 450 సైకిళ్లతో మొదలైన పథకం పేరు ‘ట్రిన్ ట్రిన్’. ఆ పేరెందుకో నేను చెప్పను, బెల్లు కొట్టి చూడండి!

● పారిస్‌లో దిగువకు జారే సైకిలే తప్ప ఎగువకు ఎక్కే సైకిలు అరుదుగా కనిపించేది! 22 కిలోల బండిని మోన్‌మార్త్ గుట్ట మీదికి తొక్కేదెవరు? అందుకే గుట్ట మీది స్టాండులో వదిలినవాళ్లకు, ఉచితంగా ఇచ్చే అరగంటకు తోడు ఇంకో 15 నిమిషాలు కొసరు వేసేవారు.