మాసిక వేయడం వేరు, పువ్వులు కుట్టడం వేరు

మొన్న ట్రంకుపెట్టె సర్దుతుంటే మా అమ్మ పెళ్ళినాటి ఫోటో బయటపడింది. నలుపుతెలుపులు వెలిసిపోయాయి. ముఖం మీదుగా తెల్లటి మడత గీత ఒకటి. అమ్మ ఇప్పుడు లేదు. ఆ ఫోటోకి మరో ప్రతీ లేదు. ఇలాంటిది మీ ఇంట్లోనూ ఏ పెట్టె అడుగునో వుండే వుంటుంది.

దాన్ని కంప్యూటరులో బాగుచేసుకోవడానికి కొననక్కరలేని ప్రోగ్రాములున్నాయి. వాటిలో పేరున్నవి రెండు: గింప్, క్రిటా. రెండూ బొమ్మలవే గదా, ఏదైతేనేం అనుకుని, నేను మా అమ్మాయి వాడే క్రిటాలో ఫోటో తెరిచి పూటంతా అవస్థపడ్డాను. అందులో బొత్తిగా వీలుకాదని కాదు. కాని చిరుగుకు మాసిక వేయడం వేరు, కొత్త గుడ్డ మీద పువ్వులు కుట్టడం వేరు.

గింప్‌ని 1995లో అమెరికాలో, బర్కిలీలో చదువుకుంటున్న ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టారు. వున్న బొమ్మను సరిదిద్దడంలో దీనిది అందెవేసిన చెయ్యి. 'హీల్' అనే పనిముట్టు తీసుకుని, కంట్రోల్ మీట నొక్కిపట్టి, గీత పక్కన బాగున్న చోట ఒకసారి క్లిక్ చేయండి. మీట వదిలి గీత మీద మెల్లగా రుద్దండి. గీత కలిసిపోతుంది. వెలిసిన ఫోటోకి 'లెవెల్స్' వుంది.

క్రిటా అంటే స్వీడిష్ భాషలో రంగుబలపం. పేరుకు తగ్గట్టే ఇది కొత్తగా బొమ్మ వేసేవారికి. రకరకాల కుంచెలుంటాయి. పలక, పెన్ను తగిలిస్తే చేతి ఒత్తిడిని బట్టి గీత లావు, సన్నం అవుతుంది. ఒక పక్క గీస్తే రెండో పక్క దానంతటదే పడే ఏర్పాటుంది. ముగ్గులు వేసేవారికి పండగే. ఒకే పువ్వు అతుకు కనపడకుండా గుడ్డ నిండా పరుచుకునే ఏర్పాటూ వుంది.

రెండింటినీ వాటి సొంత సైట్లనుంచి దించుకుంటే పైసా ఖర్చు వుండదు.

ఒక్క హెచ్చరిక. స్కాన్ చేసిన ప్రతిని ముట్టుకోకుండా వేరే దాచి, నకలు మీదే పని చేయండి. జేపెగ్‌గా భద్రపరచిన ప్రతిసారీ బొమ్మలో కొంత నాణ్యం పోతుంది. అంచేత పని ముగిసేదాకా గింప్ సొంత ఫైలుగానే వుంచండి. నేను గీతతోపాటు, మరకనుకుని అమ్మ గడ్డంమీది పుట్టుమచ్చను కూడా చెరిపేశాను. మర్నాడు చూసిన మా పిన్ని, "ఇది మా అక్క కాదే!" అంది. అసలు ప్రతి దాచాను గనక మళ్ళీ మొదలుపెట్టగలిగాను.

గీతలు చెరపండి, మనిషిని చెరపకండి. సెలవు.